ఆటగాడి శనివారం ఎవరిది? వృత్తి ఫుట్‌బాల్ చరిత్రపై పోస్టర్ల ప్రాజెక్టు డైరీ

జూన్ మొదటి వారం

హైదరాబాద్‌లోని ఒక ఉన్నత పాఠశాల గ్రంథాలయం గోడ కోసం, ఫుట్‌బాల్ ఒక వృత్తిగా ఎలా రూపుదిద్దుకుందో చెప్పే పోస్టర్లను తెలుగులో తయారు చేసే పని నాకు అప్పగించారు. ఏ2 పరిమాణంలో నిలువుగా ఆరు పోస్టర్లు. ఎనిమిది నుంచి పదో తరగతి వరకు చదివే పిల్లలు గోడ వెంట నడుస్తూ చదువుకునేలా ఉండాలి. ఈ పిల్లలకు నేటి ఆటగాళ్ల బదిలీ ధరలు కంఠతా వచ్చు. అందుకే బదిలీ సొమ్ము ఎలా పెరిగిందో ఒక్క చూపులో తెలిపే గ్రాఫ్ కావాలని పాఠశాలవారు మొదట అడిగారు.

ఆ గ్రాఫ్ గీసి చూశాను. 1905లో ఆల్ఫ్ కామన్ సండర్లాండ్ క్లబ్బు నుంచి మిడిల్స్‌బరోకు 1000 పౌండ్లకు మారాడు. ఒక ఆటగాడి కోసం అంత సొమ్ము చేతులు మారడం అదే మొదటిసారి కావడంతో ఇంగ్లండులో పెద్ద దుమారం రేగింది. 2017లో నేమార్ బార్సిలోనా నుంచి పారిస్ సాంజెర్మాన్‌కు వెళ్లినప్పుడు చెల్లించినది 22.2 కోట్ల యూరోలు. పౌండును, యూరోను ఒకటిగానే భావించి, నూరేళ్ల ధరల పెరుగుదలను పక్కన పెట్టి లెక్కవేస్తే, నేమార్ గీత అర మీటరు ఎత్తున ఉన్నప్పుడు కామన్ గీత మిల్లీమీటరులో నాలుగు వందల వంతు కూడా ఉండదు. ఏ యంత్రమూ దానిని కాగితం మీద అచ్చు వేయలేదు.

అయితే నేను గ్రాఫ్‌ను పక్కన పెట్టడానికి కారణం అది కాదు. బదిలీ సొమ్ము ఒక క్లబ్బు మరొక క్లబ్బుకు ఇచ్చుకునేది, ఆటగాడి జీతం కాదు. కామన్‌ను 1000 పౌండ్లకు కొన్న రోజుల్లో, ఇంగ్లండు లీగ్‌లో ఎంత గొప్ప ఆటగాడికైనా వారానికి 4 పౌండ్లకు మించి ఇవ్వరాదన్న నిబంధన అమల్లో ఉంది. మనిషి ధర పెరుగుతున్నా మనిషి చేతికి వచ్చేది పెరగని ఆ స్థితిని, పైకి ఎగబాకే గీత చెప్పలేకపోగా మరుగున పడేస్తుంది. కాబట్టి ఆరు పోస్టర్లూ రెండే ప్రశ్నలకు జవాబు చెప్పాలని నిశ్చయించుకున్నాను. ఆటగాడి సమయం మీద హక్కు ఎవరిది? ఒప్పందం ముగిశాక అతడు తన ఇష్టప్రకారం వెళ్లిపోగలడా? పాఠశాలవారు ఈ ఆలోచనకు ఒప్పుకున్నారు; నేమార్ అంకె చివరి పోస్టర్‌లో ఎక్కడో ఒకచోట ఉండాలన్న షరతు మాత్రం పెట్టారు. అది న్యాయమైన కోరికే.

జూన్ మూడో వారం: మిల్లు పట్టణాల పోస్టర్

మొదటి పోస్టర్ ఉత్తర ఇంగ్లండులోని లాంకషైర్ నూలు మిల్లుల దగ్గర మొదలవుతుంది. 1850 నాటి కర్మాగారాల చట్టం బట్టల మిల్లుల్లో స్త్రీలకు, చిన్న వయసు కార్మికులకు శనివారం పని మధ్యాహ్నం 2 గంటలకు ముగియాలని నిర్దేశించింది. వారు లేకుండా యంత్రాలు నడవవు కనుక ఆ పూట మగవారికీ దక్కింది. శనివారం మధ్యాహ్నం మూడింటికి ఆట మొదలుపెట్టే ఆనవాయితీకి వేరు ఇక్కడ ఉంది. అయితే ఆ ఒక్క పూట సొంత ఊళ్లో ఆడుకోవడానికి సరిపోతుంది గానీ, లండన్ వెళ్లి, ఇంగ్లండు ఫుట్‌బాల్ అసోసియేషన్ నడిపే ఎఫ్ఏ కప్ పోటీ ఆడి రావడానికి సరిపోదు.

1879లో డార్వెన్ అనే చిన్న మిల్లు పట్టణపు జట్టు, సంపన్నుల పిల్లలు చదివే ఈటన్ పాఠశాల పూర్వ విద్యార్థుల జట్టైన ఓల్డ్ ఈటోనియన్స్‌తో తలపడింది. మొదటి ఆట 5-5తో, రెండోది 2-2తో సమంగా ముగియడంతో డార్వెన్ కార్మికులు మూడోసారి కూడా లండన్ రావలసి వచ్చింది, చివరకు 6-2తో ఓడిపోయారు. ప్రయాణ ఖర్చులకు ఊరివారు చందాలు వేసుకున్నారు. ప్రత్యర్థులకు ఆ ప్రయాణమూ లేదు, పోయే కూలీ లేదు. ఆటకు డబ్బు తీసుకోవడం మర్యాద కాదన్న నాటి సూత్రాన్ని ఈ వెలుగులో చూస్తే, దానిని పాటించగలిగినవారు ఎవరో పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. ఆ డార్వెన్ జట్టులోనే ఫెర్గస్ సూటర్ అనే స్కాట్లండు తాపీ పనివాడు ఉన్నాడు. ఇంగ్లండు రాయి మరీ గట్టిదనీ, చెక్కుతుంటే చేతులు వాస్తున్నాయనీ చెప్పి అతడు ఆ పని మానేసి ఆట మీదే బతికాడని చెప్పుకుంటారు. తొలి వృత్తి ఆటగాళ్లలో ఒకడిగా చరిత్ర అతడిని గుర్తించింది.

పోస్టర్ మధ్యభాగాన్ని మాత్రం 1883 మార్చి 31న లండన్‌లోని కెనింగ్టన్ ఓవల్ మైదానంలో జరిగిన ఎఫ్ఏ కప్ ఫైనల్‌కు ఇచ్చాను. బ్లాక్‌బర్న్ ఒలింపిక్ జట్టు అదనపు సమయంలో 2-1తో ఓల్డ్ ఈటోనియన్స్‌ను ఓడించి, ఆ కప్పును ఉత్తరాదికి తీసుకుపోయిన మొదటి జట్టయింది. ఒక ఇనుప ఫౌండ్రీ యజమాని ఇచ్చిన సొమ్ముతో ఆ ఆటగాళ్లు ముందుగా బ్లాక్‌పూల్ సముద్రతీరానికి వెళ్లి కొన్నాళ్లు సాధన చేశారు; అప్పట్లో అది విడ్డూరంగా తోచింది, ఇప్పుడు ఏ జట్టయినా చేసేది అదే. మైదానాన్ని పైనుంచి చూసినట్టు గీసి, ఆటగాళ్ల స్థానాల్లో పేర్లకు బదులు వారి పనులను పెద్ద అక్షరాలతో పేర్చాను: నేతగాడు, నూలు వడికేవాడు, ఇనుము పోత పోసేవాడు, పటాలు కట్టేవాడు, గుమాస్తా, దంతవైద్యుడి సహాయకుడు. నేతగాడు అన్న మాట మూడుచోట్ల వస్తుంది. సిరిసిల్ల, పోచంపల్లి, మంగళగిరి పేర్లు వింటూ పెరిగే పిల్లలు ఆ మాట దగ్గర ఒక క్షణం ఆగుతారని నా నమ్మకం. గెలుపు గోలు కొట్టిన జిమ్మీ కాస్ట్‌లీ నూలు వడికేవాడు. ఆ ఒక్క మాటకే ఎరుపు రంగు వాడాను.

అడుగున చిన్న అక్షరాలలో మిగతా కథ ఉంది. 1884లో ప్రెస్టన్ నార్త్ ఎండ్ నిర్వాహకుడు విలియం సడెల్, తమ ఆటగాళ్లకు డబ్బు ఇస్తున్నట్టు దాచకుండా ఒప్పుకోవడంతో ఆ జట్టును కప్పు పోటీ నుంచి తొలగించారు. ఉత్తరాది క్లబ్బులు విడిపోయి వేరే సంఘం పెట్టుకుంటామని హెచ్చరించాయి. 1885 జులై 20న ఫుట్‌బాల్ అసోసియేషన్ వృత్తి ఆటగాళ్లను అనుమతించింది, కానీ కప్పు పోటీలో ఆడాలంటే మైదానానికి ఆరు మైళ్ల లోపల పుట్టి ఉండాలి లేదా రెండేళ్లుగా అక్కడే నివసిస్తూ ఉండాలి. ప్రొఫెషనల్ అయినవాడు సంఘపు కమిటీల్లో కూర్చోరాదు. అంటే తలుపు తెరిచారు గానీ పెద్దల గదిలోకి మాత్రం రానివ్వలేదు.

జూన్ చివర: అక్షరాల పని

శీర్షికలకు రామభద్ర, వచనానికి మండలి ఫాంట్లను ఎంచుకున్నాను. రామభద్ర అక్షరం బరువుగా ఉండి దూరానికి పాత గోడ రాతలా నిలబడుతుంది. మండలి చిన్న పరిమాణంలోనూ కళ్లకు హాయిగా ఉంటుంది. తెలుగు పోస్టర్‌లో అసలు చిక్కు పంక్తుల మధ్య దూరంతో వస్తుంది. పై పంక్తిలోని ఒత్తులు కిందికి దిగి, కింది పంక్తిలోని గుడులను తాకుతాయి. వచనంలో అక్షర పరిమాణానికి ఒకటిన్నర రెట్లు దూరం ఇచ్చాను, శీర్షికల్లో మాత్రం ఏ ఒత్తు ఎక్కడ దిగుతుందో చూసి పంక్తులను చేతితో జరిపాను.

ఇక ‘ఫుట్‌బాల్’ అన్న మాటలో టకార పొల్లుకూ బకారానికీ మధ్య కంటికి కనబడని ఒక విడదీత గుర్తు ఉండాలి. అది లేకపోతే బకారం ఒత్తుగా మారి టకారం కిందికి చేరుతుంది. ఒక ప్రోగ్రాం నుంచి మరొక దానిలోకి వచనం తెచ్చినప్పుడు ఈ గుర్తు జారిపోతూ ఉంటుంది. ఈ పోస్టర్లలో ఆ మాట అన్నిచోట్లా ఉంది కనుక, ప్రతి ఫైలులో విడదీత లేని రూపాన్ని వెతికి మార్చే అలవాటు చేసుకున్నాను. బొమ్మలు గీసే ఇలస్ట్రేటర్ ప్రోగ్రాంలో, భారతీయ లిపులను కూర్చే వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకుంటే ఒత్తులు సరిగా కూర్చుంటాయి. ప్రెస్సుకు పంపే ముందు అక్షరాలన్నీ అవుట్‌లైన్లుగా, అంటే ఫాంటు అవసరం లేని బొమ్మలుగా మార్చాలి, ఎందుకంటే అక్కడి కంప్యూటర్లలో ఎక్కువగా పాత అను ఫాంట్లే ఉంటాయి.

జులై మొదటి వారం: నల్లపట్టీ

రెండో పోస్టర్ గీస్తుండగా వరుస మొత్తాన్ని కలిపి ఉంచే గుర్తు దొరికింది. 1893 నుంచి ఇంగ్లండు లీగ్‌లో అమలైన రిటెయిన్ అండ్ ట్రాన్స్‌ఫర్ పద్ధతి ప్రకారం, ఆటగాడి ఒప్పందం ఏడాదికి ముగిసినా అతడి నమోదు పత్రం క్లబ్బు చేతిలోనే ఉండేది. క్లబ్బు వదలకపోతే అతడు లీగ్‌లోని మరే జట్టుకూ ఆడలేడు, ఆడకుండా కూర్చుంటే జీతమూ రాదు. 1901లో దీనికి 4 పౌండ్ల గరిష్ఠ వేతనం తోడయింది. ప్రతి పోస్టర్ కుడి అంచున పైనుంచి కిందివరకు 22 మిల్లీమీటర్ల నల్లపట్టీ ఒకటి వేసి, ఆ కాలంలో ఆటగాడికి వెళ్లిపోయే స్వేచ్ఛ ఎంత ఉందో అంత మేర దానిలో ఖాళీ వదలాలని నిర్ణయించాను. ఆరు పోస్టర్లనూ పక్కపక్కన వేలాడదీస్తే, ఆ పట్టీలు అక్కడక్కడా తెరుచుకుంటూ పోయే గోడల్లా కనబడాలి. రెండో పోస్టర్‌లో ఖాళీ అసలు లేదు.

ఈ పోస్టర్ బొమ్మకు ఆధారం 1909 నాటి ఒక ప్రసిద్ధ ఫొటో. 1907లో మాంచెస్టర్‌లో బిల్లీ మెరిడిత్ తదితరులు ఆటగాళ్ల సంఘం స్థాపించారు. 1909లో ఫుట్‌బాల్ అసోసియేషన్ ఆ సంఘానికి గుర్తింపు రద్దు చేసి, దానినుంచి తప్పుకోవాలని ఆటగాళ్లను ఒత్తిడి చేసింది. మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాళ్లు తప్పుకోలేదు; వెలివేతకు గురైన తమ జట్టుకు ‘అవుట్‌కాస్ట్స్ ఫుట్‌బాల్ క్లబ్ 1909’ అని పలక మీద రాసుకుని, దానిని ముందు పెట్టుకుని ఫొటో దిగారు. నేను ఆటగాళ్ల ఆకారాలను ఒకే బూడిద రంగులో నింపి, ఆ పలకను మాత్రం తెల్లగా ఉంచాను. అంతకు ముందటి సీజన్లోనే ఎఫ్ఏ కప్ గెలిచిన జట్టు అది. కప్పు పట్టుకున్న చేతులే కొన్ని నెలలకు ఆ పలక పట్టుకున్నాయన్న వాక్యాన్ని పోస్టర్‌లో అన్నిటికంటే పెద్ద వచనంగా పెట్టాను.

జులై రెండో వారం: ప్రెస్టన్ మహిళలు

డిక్, కెర్ కంపెనీ ప్రెస్టన్ కర్మాగారంలో మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆయుధ సామగ్రి తయారు చేసిన మహిళలు 1917లో జట్టు కట్టి, గాయపడిన సైనికుల సహాయార్థం ఆడారు. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో వారి ఆట చూడడానికి 53,000 మంది వచ్చారు. ఏడాది తిరగకుండానే, 1921 డిసెంబరు 5న, తన సభ్య క్లబ్బుల మైదానాల్లో మహిళలు ఆడరాదని ఫుట్‌బాల్ అసోసియేషన్ తీర్మానించింది. ఈ ఆట స్త్రీలకు తగదన్న మాటతో పాటు, వసూలైన సొమ్ములో ఖర్చుల కింద పోయే వాటా ఎక్కువగా ఉందన్న ఫిర్యాదు కూడా ఆ తీర్మానంలో ఉంది. ఈ రెండో మాటే నాకు ముఖ్యం. పనికి పోలేకపోయిన పూట కూలీని మగవారికి 1885లోనే న్యాయమని ఒప్పుకున్నారు, ఆడవారికి అదే నేరమైంది. ఆ నిషేధం దాదాపు అర్ధ శతాబ్దం నిలిచింది; ఇంగ్లండు అగ్రశ్రేణి మహిళా లీగ్ పూర్తికాలపు వృత్తి లీగ్‌గా మారడానికి 2018 వరకు ఆగవలసి వచ్చింది.

ఈ పోస్టర్‌లో నల్లపట్టీని కుడి అంచు నుంచి తీసి, నలుపు తెలుపు చారల చొక్కాల జట్టు బొమ్మకు అడ్డంగా, మైదానం గేటు మీద వేశాను. వీరికి బయటికి వెళ్లే దారి మూయలేదు, లోపలికి వచ్చే దారి మూశారు. అడుగున, నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరిన విషయం ఒక వాక్యంలో ఉంది. బాలికలు ఆ వాక్యాన్ని వెతుక్కుని చదువుతారు కనుక దానిని వారి కంటి ఎత్తుకు జరపమని గ్రంథాలయ ఉపాధ్యాయురాలు సూచించారు. పోస్టర్ అడుగు నుంచి తీసి ఎడమ అంచు మధ్యకు మార్చాను.

జులై చివర: హైదరాబాద్ పోస్టర్

ఈ పోస్టర్ మీద అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాను, ఇంకా పెడుతున్నాను. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు, బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ పోటీ గెలిచింది. ఆ జట్టుకు శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. దేశానికి ఇంత తెచ్చిపెట్టిన ఆటగాళ్లు కాగితం మీద ప్రొఫెషనల్స్ కారు. కొందరు పోలీసు ఉద్యోగులు, కొందరు రైల్వేవారు. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌కు ఆడి, 1963లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే జట్టుకు మారాడు. వీరిని లాంకషైర్ వరుసలో ఎక్కడ నిలబెట్టాలి?

ఒకప్పుడు ప్రభుత్వ శాఖ జట్టుకు ఆడి పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయనను కలిసి, నల్లపట్టీ ఆలోచన చెప్పి, మీ రోజులకు ఖాళీ ఎంత వదలాలని అడిగాను. ఆయన కొంతసేపు పోస్టర్ల నమూనాలు చూసి, “ఆట ముప్పై అయిదేండ్లకు ఒడిసిపోయింది బిడ్డా, పింఛను మాత్రం ఇప్పటికీ వస్తున్నది” అన్నారు. మరో క్లబ్బు నుంచి పిలుపు వచ్చినా నౌకరీ వదులుకోవడానికి ఇంట్లో ఒప్పుకోలేదని కూడా చెప్పారు. ఆ రెండు మాటలూ కలిపి చూస్తే, శాఖ ఉద్యోగం అటు కాపుదల, ఇటు కాపలా కూడా. అందుకే ఈ ఒక్క పోస్టర్‌లో పట్టీని నలుపు కాక ఖాకీ రంగులో, ఒకటి కాక రెండు అంచులా వేశాను. కుడి పట్టీ వెళ్లే దారిని అడ్డుకుంటుంది, ఎడమ పట్టీ ఆట ముగిశాక ఆనుకోవడానికి ఉంటుంది. ఇంగ్లండు ఆటగాడికి ఆ ఎడమ పట్టీ లేదు. ఈ తేడాను వెనకబాటుతనంగా చూపించే పోస్టర్ నేను గీయలేను.

దీని పక్కనే 1996లో జాతీయ ఫుట్‌బాల్ లీగ్, 2014లో ఇండియన్ సూపర్ లీగ్ మొదలైన సంగతి, 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఆ సూపర్ లీగ్ విజేతగా నిలిచిన సంగతి ఒక సన్నని కాలరేఖగా ఉన్నాయి. క్లబ్బు ఒప్పందంతో ఆడే నేటి ఆటగాడికి ఖాకీ పట్టీలు రెండూ ఉండవు కనుక కాలరేఖ కుడివైపుకు పోయేకొద్దీ ఆ రంగు పలచబడుతుంది.

ఆగస్టు మొదటి వారం: తెరుచుకున్న అంచులు

అయిదో పోస్టర్ తేలికగానే కుదిరింది. జిమ్మీ హిల్ నాయకత్వంలో ఆటగాళ్ల సంఘం సమ్మెకు సిద్ధపడడంతో 1961 జనవరిలో, అప్పటికి 20 పౌండ్లున్న గరిష్ఠ వేతనం రద్దయింది. ఫులం క్లబ్బు జానీ హేన్స్‌కు వారానికి 100 పౌండ్లు ఇచ్చింది. 20, 100 అంకెలను ఒకే పరిమాణంలో పెట్టి, బొమ్మను జార్జ్ ఈస్ట్‌హమ్‌కు కేటాయించాను. న్యూకాజిల్ క్లబ్బు వదలనంటే అతడు ఆట మానుకుని, ఇంగ్లండు దక్షిణాన కార్క్ అమ్మే పనిలో చేరి నెలలపాటు గడిపాడు. ఆర్సెనల్‌కు బదిలీ అయిన తరువాత కూడా న్యూకాజిల్ మీద వేసిన కేసు వదలలేదు. 1963లో న్యాయమూర్తి విల్బర్‌ఫోర్స్, ఆటగాడిని అట్టిపెట్టుకునే ఆ పద్ధతి వృత్తి స్వేచ్ఛకు అసమంజసమైన ఆటంకమని తీర్పు చెప్పారు. ఇక్కడ నల్లపట్టీ సగం తెరుచుకుంది.

ఆరోదానిలో బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్మన్ ఉన్నాడు. 1990లో లియెజ్ క్లబ్బుతో ఒప్పందం ముగిశాక, బాగా తగ్గించిన జీతానికి అతడు ఒప్పుకోలేదు. ఫ్రాన్స్‌లోని డన్‌కెర్క్‌కు వెళ్దామంటే బదిలీ సొమ్ము అడ్డు వచ్చింది. 1995 డిసెంబరు 15న యూరోపియన్ న్యాయస్థానం, యూరోపియన్ యూనియన్ పౌరుడైన ఆటగాడు ఒప్పందం ముగిశాక మరో సభ్య దేశపు క్లబ్బుకు మారితే, పాత క్లబ్బు సొమ్ము అడగరాదని తేల్చింది. ఈ పోస్టర్‌లో పట్టీ అంతా ఖాళీ. నేమార్ అంకె ఇక్కడే, పట్టీ ఉండవలసిన చోట నిలువుగా ఉంది, ఎందుకంటే అది ఒప్పందం మధ్యలో వెళ్లడానికి కట్టిన ధర. వేలంపాట అంకెలా కాక, తలుపు తాళం ధరలా అది చదవబడాలి. నా ఉద్దేశం పిల్లలకు అందేలా, ‘ఒప్పందం ముగియకముందే వెళ్లాలంటే’ అన్న మాటలను ఆ అంకె పైన చేర్చాను.

ఆగస్టు రెండో వారం: ప్రూఫ్

రెండో పోస్టర్‌ను ప్రెస్సులో నమూనాగా తీయించాను. అక్కడి ఆపరేటర్ తెర మీద చూడగానే, “మేడం, పట్టీ అంచుకి ఇంత దగ్గరుంటే కటింగ్‌లో వంకరపోతది” అన్నారు. ఆయన చెప్పినట్టు పట్టీని కోత గీత దాటి 5 మిల్లీమీటర్లు బయటికి పొడిగించాము. ఇప్పుడు బ్లేడు కాస్త అటూ ఇటూ అయినా తెల్లగీత కనబడదు. నాలుగు రంగుల సిరాలతో వేసే సీఎంవైకే అచ్చులో ఒట్టి నలుపు సిరా బూడిదగా తేలింది కాబట్టి దానికి 40 శాతం సయాన్ అనే నీలి సిరా కలిపాము. అక్షరాలకు మాత్రం ఒట్టి నలుపే ఉంచాము, లేకపోతే రంగుల పొరలు కాస్త జరిగినా సన్నని ఒత్తుల చుట్టూ నీలి నీడ పడుతుంది. ఫ్లెక్స్ వద్దని, మాట్ లామినేషన్‌తో మందపాటి కాగితాన్ని సన్‌బోర్డుకు అతికించాలని నిర్ణయమైంది. గ్రంథాలయం కిటికీలు పడమటి వైపు ఉన్నాయి. సాయంత్రపు ఎండలో మెరిసే కాగితం మీద ఏదీ చదవలేము.

మిగిలిన పని హైదరాబాద్ పోస్టర్‌దే. ఖాకీ రంగు తెర మీద ఒకలా, కాగితం మీద ఆకుపచ్చ వైపు మొగ్గుతూ మరొకలా వస్తోంది. పసుపు పాళ్లు మార్చి మూడు నాలుగు ముక్కలు ఒకే షీటు మీద తీయిస్తాను. ఆ పెద్దాయన మాటను పోస్టర్ మీద పెట్టడానికి ఆయన అనుమతి దొరికింది, పేరు వేయవద్దన్నారు. ఎడమ పట్టీ మీద, దిగువ నుంచి పైకి చదివేలా, ఆయన పలికిన యాసలోనే ఆ వాక్యం వేస్తున్నాను. రంగు కుదిరిన వెంటనే ఆరు ఫైళ్లూ ఒకేసారి ప్రెస్సుకు వెళ్తాయి.